ఆనప బుర్రలో అంబలి

 

ఈ నెల గోడపత్రికకు "వేసవిలో ఆరోగ్యకరమైన పానీయములు" అనే అంశం మీద రాయమని తెలుగు మాస్టారు నాకు చెప్పారు. ముందు నేను లైబ్రరీలో ఒక పుస్తకం తీసి, కొబ్బరి నీళ్ళు మంచివి, మజ్జిగ మంచిది, నిమ్మరసం మంచిది అని ఒకటి, రెండు, మూడు అంకెలు వేసి రాసేశాను. రాత్రి పడుకున్నాక అది నాకు నచ్చలేదు. అందులో తప్పేమీ లేదు, అన్నీ నిజాలే. కాని నేను రాసినట్టు లేదు. మా గూడలో కొబ్బరిచెట్టు ఒక్కటి లేదు. ఆవులున్నాయి గాని మా తాత పాలు పిండనివ్వడు, "అవి దూడవిరా, మనవేటి?" అంటాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చి మజ్జిగ గురించి నేనేం రాస్తాను? అందుకని ఆ కాగితం చింపేసి, పోయిన ఏడాది మే నెలలో మా ఇంట్లో జరిగిన సంగతి రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. మాస్టారు రెండు చార్టులు ఇచ్చారు గనుక సరిపోయింది.

మాది సీతంపేట ఏజెన్సీలో కొండ మీద ఊరు. మేము జాతాపువాళ్ళం, అవతలి గట్టు మీద సవరవాళ్ళు. 2022 ఏప్రిల్ నుంచి మేము పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాం గాని, మా తాత ఎవరడిగినా ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే చెప్తాడు. వేసవిలో మా ఇంట్లో తాగేవి రెండే. ఒకటి గెడ్డ నీళ్ళు, రెండోది చోడి అంబలి.

అంబలి ఎలా కాస్తారో మీలో చాలామందికి తెలుసు. అయినా కింద నుంచి వచ్చిన మాస్టార్ల కోసం రాస్తున్నాను. మా అమ్మ పొద్దుగూకే వేళకి చోడి పిండి నీళ్ళలో కలిపి, కుండలో పోసి మూత పెడుతుంది. తెల్లారేసరికి అది కొంచెం పులుస్తుంది. కోడి కూశాక పొయ్యి మీద ఎసరు పెట్టి, గుప్పెడు నూకలు వేసి, అవి ఉడికాక ఆ పులిసిన పిండి పోసి తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. కలపడం ఆపితే ఉండలు కడుతుంది. ఒకసారి అమ్మ నాకు తెడ్డు ఇచ్చి నీళ్ళకు వెళ్తే, నేను కిటికీలోంచి ఎవరినో చూస్తూ మర్చిపోయి బాగా తిట్లు తిన్నాను. చల్లారాక ఉప్పు వేసి, పలచగా నీళ్ళు కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తాగుతాం. ఉల్లిపాయ లేకపోతే ఉప్పుతోనే.

కొండ మీద పనికి వెళ్ళేటప్పుడు దాన్ని ఆనప బుర్రలో పోసుకుంటారు. ముదిరిన ఆనపకాయకు మెడ దగ్గర కన్నం పెట్టి, గింజలు, గుజ్జు తీసేసి, ఎండబెట్టి చేసేదే బుర్ర. మా తాత బుర్ర ఆయన మెడంత నల్లగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో తీసి తాగినా అందులోది వేడెక్కదు. ప్లాస్టిక్ సీసాలో పోసి చూడండి, గంటలో టీ నీళ్ళలా అవుతుంది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కి వచ్చాక అంబలి అంటే సిగ్గుపడేవాడిని. ఎవరో ఒకడు నన్ను "ఒరే అంబలీ" అని పిలిచాడు. వాడి పేరు రాయను, ఇప్పుడు వాడు నా పక్క మంచమే. తమాషా ఏమిటంటే, 2023 మార్చి నుంచి మన రాష్ట్రంలో బడి భోజనంతో పాటు వారానికి మూడు రోజులు బెల్లం వేసి రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఐక్యరాజ్య సమితి ఆ 2023నే చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. బడిలో రాగిజావ అంటే అందరూ గ్లాసు పట్టుకుని లైనులో నిలబడ్డారు. రాగి అంటే చోడే కదా! పేరు మారేసరికి సిగ్గు పోయింది. సైన్సు మాస్టారు చెప్పారు, నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందట, తెల్ల బియ్యంలో పదికి అటూఇటూ. నేను విన్నాను, నోట్సులో రాసుకున్నాను, పరీక్షలో కూడా రాశాను. కాని ఇంటికి వెళ్ళినప్పుడు బుర్ర పట్టుకోవడానికి మాత్రం నాకు ఇంకా సిగ్గే.

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన మే నెలలో ఒక సంత రోజు. మా అయ్య చింతపండు కావిడి వేసుకుని సీతంపేట బయలుదేరాడు. నేనూ వెళ్తానన్నాను. మా తమ్ముడికి ఆరేళ్ళు. ముందురోజు రాత్రి నుంచి వాడికి విరేచనాలు. అమ్మ ఉపాధి పనికి వెళ్ళాలి, వాడిని ఇంట్లో చూసేవాళ్ళు లేరు, "సంతలో మందు కొందాం, పదండి" అని అయ్య వాడినీ తీసుకున్నాడు. బయలుదేరేటప్పుడు తాత బుర్ర నిండా పలచగా అంబలి పోసి నా చేతికిచ్చాడు.

"నేను మొయ్యను," అన్నాను.

"ఏటిరా గుంటడా, సిగ్గా?" అన్నాడు తాత.

నేను మాట్లాడలేదు. ఆటోలో కింద ఊరి పిల్లలు ఎక్కుతారు, నా క్లాసువాళ్ళు కూడా కనిపిస్తారు, వాళ్ళ ముందు మెడలో బుర్ర వేసుకుని ఎలా? బుర్రను అరుగు మీద పెట్టేసి నడిచాను. అయ్య వెనక్కి చూశాడు గాని భుజం మీద కావిడి ఉంది, ఏమీ అనలేదు.

ఆ రోజు ఎండ ఎలాంటిదంటే, సంతలో తారు రోడ్డు చెప్పుకి అంటుకుంటోంది. వడగాడ్పు. పది గంటలకే మేకలన్నీ బండి కిందకి దూరాయి. అయ్య చింతపండు తూకం దగ్గర ఉండిపోయి, నా చేతిలో 100 రూపాయలు పెట్టి, తమ్ముడికి ఏదైనా మంచిది కొనిపెట్టమన్నాడు. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేవాడిని నేనొక్కడినే. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. తాగించాలని ఎనిమిదో తరగతి పాఠంలో చదువుకున్నాను కూడా. అందుకని గొప్పగా షాపుకి వెళ్ళి "ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి" అన్నాను. షాపాయన ఒక కాగితపు పెట్టె ఇచ్చాడు. దాని మీద పండు బొమ్మ, పెద్ద అక్షరాలతో ఆ మూడు అక్షరాలూ ఉన్నాయి. చల్లగా ఉంది, గొట్టం కూడా ఇచ్చారు. తమ్ముడు ఒక్క గుక్కలో తాగేసి ఇంకోటి కావాలన్నాడు. రెండోది కూడా కొన్నాను. నేను మాత్రం ఒక ఎర్ర రంగు కూల్‌డ్రింకు తాగాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో దిగి కొండ ఎక్కుతుండగా వాడికి మూడుసార్లు నీళ్ళలా అయింది. నాకు కూడా నాలుక పిడచకట్టుకుపోయింది, తీపి తాగినకొద్దీ ఇంకా దాహం. మాతో నీళ్ళు లేవు. బుర్ర ఇంటి అరుగు మీద ఉంది. వేసవి గదా, దారిలో గెడ్డ ఎండిపోయింది, ఇసకలో చెలమ తీసినా తడి మాత్రమే తగిలింది. తమ్ముడు ఏడుస్తున్నాడు గాని కళ్ళలో నీళ్ళు రావడం లేదు. అది నేను అప్పుడు గమనించలేదు, తర్వాత చెప్పారు. కాసేపటికి ఏడుపు కూడా ఆపేసి అయ్య భుజం మీద తల వాల్చేశాడు. అయ్య కావిడి, డబ్బుల సంచి, కొన్న ఉప్పు అన్నీ దారిలోనే నాకు వదిలేసి వాడిని ఎత్తుకుని కిందకు పరుగెత్తాడు. మా అయ్య పరుగెత్తడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

నేను ఆసుపత్రి చేరేసరికి వాడికి సెలైను పెట్టారు. సిస్టరమ్మ వాడి పొట్ట మీద చర్మం పట్టి లాగి వదిలి నాకు చూపించింది. వదిలినా ముడత అలాగే నిలబడి ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే అలా ఉంటుందట. ఏం తాగించారని అడిగింది. నేను జేబులోంచి ఖాళీ పెట్టె తీసి చూపించాను. దాచుకుని ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు చూపిద్దామనుకున్నాను మరి.

ఆవిడ కోప్పడలేదు. "బాబూ, ముందు వైపు చదివావు, వెనకవైపు చదివావా?" అని మాత్రం అంది. వెనకవైపు సన్న అక్షరాల్లో చక్కెర ఎంతో రాసి ఉంది. ఇది డబ్ల్యు.హెచ్.ఓ. చెప్పిన ఓ.ఆర్.ఎస్. కాదు అని కూడా అక్కడే రాసి ఉంది. ఇంగ్లీషు చదవడం వచ్చినవాడిని, చదవాల్సింది చదవలేదు.

తర్వాత ఆవిడ ఒక చిన్న పొట్లం తెచ్చి లీటరు నీళ్ళలో మొత్తం కలిపి, చెంచాతో కొంచెం కొంచెం పట్టమని నా చేతికే గ్లాసు ఇచ్చింది. నేను నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పగా, కొంచెమే తియ్యగా, ఏమీ బాగాలేదు. కన్నీళ్ళ రుచి. వాడు ఉమ్మేస్తే కాసేపాగి మళ్ళీ పట్టాను. రాత్రి 8 గంటలకు వాడు ఉచ్చపోశాడు. సిస్టరమ్మ నవ్వింది. అంతమందిమి ఒకడు ఉచ్చపోసినందుకు సంతోషించడం చిత్రం గాని, మా అయ్య గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

బడి తెరిచాక సైన్సు మాస్టారిని అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాను. ఆ పొట్లంలో 20.5 గ్రాములు ఉంటుంది. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, మిగిలినవి పొటాషియం క్లోరైడు, సిట్రేటు. మన పేగుల్లో ఉప్పు, గ్లూకోజు జత కట్టి లోపలికి వెళ్తాయట, వాటి వెనకాలే నీళ్ళు వెళ్తాయి. తీపి ఈ లెక్కను బాగా మించితే ఒంట్లోని నీళ్ళు తిరిగి పేగుల్లోకే వస్తాయి, విరేచనం ఎక్కువవుతుంది. నేను కొన్న పెట్టెలో తీపి లీటరుకు లెక్కవేస్తే 100 గ్రాముల పైమాటే. అంటే రెండు పెట్టెలతో నేను తమ్ముడి దాహం తీర్చలేదు, ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా పోయేలా చేశాను.

ఈ పొట్లం వెనక మాస్టారు ఒక కథ చెప్పారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు లక్షలమంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. బంగావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైను సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ అనే ఆయన ఉప్పు, గ్లూకోజు, తినే సోడా నీళ్ళలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టి, రోగుల చుట్టాల చేతనే గ్లాసులతో పట్టించారు. అక్కడ నూటికి 30 మంది దాకా చనిపోయేవాళ్ళు, ఆ తర్వాత అది 4కు లోపు పడిపోయింది. ఆయన 2022 అక్టోబరులో కన్నుమూశారు, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. నేను చెంచాతో పట్టినట్టే అక్కడ కూడా ఎవరో అన్నలు తమ్ముళ్ళకు పట్టి ఉంటారు కదా అనుకున్నాను.

అక్టోబరు నెలలో ఇంకోటి జరిగింది. మన రీడింగు రూములో పేపరు చూస్తుంటే హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి వార్త కనబడింది. తియ్యటి డ్రింకుల మీద ఓ.ఆర్.ఎస్. అని రాయకూడదని ఆవిడ ఎనిమిదేళ్ళుగా పోరాడుతున్నారట, తెలంగాణ హైకోర్టుకు కూడా వెళ్ళారట. 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, కింద ఒక గమనిక వేస్తే చాలని వాళ్ళకు అనుమతి ఇచ్చింది. నేను చదవని సన్న అక్షరాలు ఆ గమనికే! 2025 అక్టోబరులో ఆ అనుమతిని తీసేసి, డబ్ల్యు.హెచ్.ఓ. లెక్క ప్రకారం లేనిదాని మీద ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ పేపరు ముక్క కత్తిరించి నా ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్నాను. వార్డెన్ గారు పేపరు చింపింది ఎవరని అడిగారు కదా, నేనే, క్షమించండి.

అంబలి ఓ.ఆర్.ఎస్. కి సాటి అని నేను అనడం లేదు. విరేచనాలైతే పొట్లమే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీ చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, అంచు దాకా సమం చేసి వెయ్యాలి, కుప్పగా కాదు. కాని మామూలు ఎండలో, చెమట పట్టే పనిలో, మనకు పోయేవి నీళ్ళూ ఉప్పూ. అంబలిలో ఉన్నవీ నీళ్ళూ ఉప్పూ, దానితో పాటు కడుపుకు ఆధారం. కలరా రోగులకు బియ్యప్పిండితో చేసిన ఓ.ఆర్.ఎస్. కూడా ఢాకాలో వాడి చూశారని మాస్టారు చెప్పినప్పుడు నాకు అమ్మ వేసే గుప్పెడు నూకలు గుర్తొచ్చాయి.

ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. 2015 మే నెలలో ఒక్క మన రాష్ట్రంలోనే వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్ళూ, ముసలివాళ్ళే. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలుసు. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. సరిపడా నీళ్ళు తాగకుండా ఎండలో పనిచేయడం కూడా అనుమానించే వాటిలో ఒకటి. 2023 డిసెంబరులో అక్కడికి మన హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ళు ఇచ్చే పథకం, పలాసలో ఆసుపత్రి ప్రారంభించారు.

మిగిలిన పానీయాల సంగతి త్వరగా రాసేస్తాను, చార్టులో చోటు అయిపోతోంది. కూల్‌డ్రింకులో నూరు మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర. పావులీటరు సీసా తాగితే 6 చెంచాలు తిన్నట్టు. పండగ రోజు ఒకటి తాగితే ఏం కాదు గాని దాహానికి తాగేది కాదు. పుల్ల ఐసు నాకూ ఇష్టమే, కాని ఆ నీళ్ళు ఎక్కడివో అమ్మేవాడు చెప్పడు. పాలకొండ, పార్వతీపురం బజార్లలో ఎండాకాలం చలివేంద్రాలు పెడతారు. కుండ శుభ్రంగా ఉంటే అక్కడ నీళ్ళు తాగండి, మజ్జిగ పోస్తే ఇంకా మంచిది. చింతపండు పిసికి బెల్లం, ఉప్పు వేసి తాగితే నోరు ఊరుతుంది. తాటిముంజెలు దొరికితే నాకూ రెండు ఉంచండి.

జీలుగు కల్లు చలవ చేస్తుందని మన పెద్దవాళ్ళు అంటారు. అది తప్పు. మత్తు ఉన్నది ఏదైనా ఉచ్చ ఎక్కువ చేసి ఒంట్లో నీరు తీసేస్తుంది. ఇది మా తాతకు చెప్తే "నీ సదువు తగలెయ్య" అన్నాడు. అలాగే మామిడి టెంకల అంబలి. పాత రోజుల్లో కరువులో టెంక జీడి గెడ్డలో రోజుల తరబడి నానబెట్టి, చేదు పోగొట్టి, ఎండబెట్టి దంచేవారు. బూజు పట్టిన పిండి మాత్రం పారెయ్యాల్సిందే. 2001లో మన పక్కనే ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంకల అంబలి తాగి ఎంతోమంది చనిపోయారు. తినడానికి వేరే ఏమీ లేక తాగారు. పాతది కాబట్టి మంచిదే అనడం కూడా నా తమ్ముడికి నేను పెట్టె కొన్నట్టే ఉంటుంది.

వార్డెన్ గారికి ఒక మనవి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. వరండాలో రెండు మట్టి కుండలు పెట్టించండి, నీళ్ళు పోసే డ్యూటీ మా 9వ తరగతి తీసుకుంటుంది. ఆఫీసు బీరువాలో పొట్లాలు పది ఉంచండి. ఆదివారం ఉదయం బెల్లం లేకుండా, ఉప్పు వేసి పులిసిన అంబలి ఒక్కసారి కాయించి చూడండి. కలిపేది రాకపోతే వంట అమ్మగారికి నేను తెడ్డు పట్టి చూపిస్తాను, ఈసారి కిటికీలోంచి చూడను.

తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు, ఒకటో తరగతి. పోయిన ఆదివారం అయ్య ఫోను చేసినప్పుడు వాడు లాక్కుని మాట్లాడాడు. పెరట్లో ఆనపకాయ ఒకటి ముదరనిచ్చారట, తాత దానికి కన్నం పెట్టి చూరుకు వేలాడదీశాడట. అది ఎవరికిరా అని అడిగాను. "నీకే," అన్నాడు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి